అలుగు పరీక్ష: వేట బాణపు చరిత్రలో ఒక అధ్యాయము

కిష్కింధాకాండలో సుగ్రీవుడు శ్రీరాముని మాటను విన్నంతనే నమ్మలేదు. వాలి బలమెట్టిదో ఎఱిగినవాడు గనుక ముందు పరీక్ష కావలెననెను. రాముడు ఒక్క బాణముతో ఏడు సాలవృక్షములను భేదించి చూపిన తరువాతనే అతని సందేహము తీరినది. భారతమున ద్రోణాచార్యుడు చెట్టుకొమ్మపై బొమ్మపక్షిని నిలిపి శిష్యులకు పరీక్ష పెట్టెను. ద్రుపదుడు స్వయంవరమున మత్స్యయంత్రమును ఏర్పఱచెను. చిన్ననాట మన పెద్దలు చెప్పగా విన్న ఈ మూడు కథలును నిజమునకు మూడు వేఱువేఱు పరీక్షలు. మొదటిది బాణము ఎంత లోతునకు చొచ్చుకొనిపోగలదో తెలుపునది. రెండవది విలుకాని చూపు ఎంత నిలుకడయైనదో తెలుపునది. మూడవది ఎక్కుపెట్టుటకు కష్టమైన వింటిని లొంగదీసి గుఱి తప్పక వేయగల నేర్పునకు సంబంధించినది. నేడు అమెరికా దేశమున దుప్పుల వేటకు బయలుదేరు విలుకాడు వేటకాలమునకు ముందు కొన్ని నెలలపాటు చేయునదియు ఈ మూడు పరీక్షలే. అతని చేతనున్న విల్లు మాత్రము కప్పీలతోను తీగలతోను కూడినది. అతని బాణపు మొన జంతువునకు తగిలిన క్షణమున రెక్కలు విచ్చుకొనునది.

అట్టి మొనల చరిత్రకు మన సంచికలో చోటేల అని కొందఱు పాఠకులు అడుగవచ్చును. వేట మన దేశమున ఎన్నడో నిషిద్ధమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో వచ్చిన సవరణయు లేడి వేటకు తలుపులు మూసినవి. అది మంచిదే. కాని విలువిద్య మన కావ్యములలోను శిల్పములలోను వాడుక మాటలలోను ఎంతగా ఇమిడియున్నదో, అంతగా దాని పనితీరు మనకు మఱపునకు వచ్చినది. ‘అలుగు’ అన్న మాటనే చూడుడు. కన్నడ దేశమున నున్నను తమిళ దేశమున నున్నను పల్లెటూరి తెలుగు కుటుంబములవారికి అలుగు అనగా చెఱువు నిండినప్పుడు నీరు పొర్లిపోవు చోటు. బాణమునకు తగిలించు వెడల్పాటి పదునైన ఇనుపమొనను కూడ అలుగు అనియే అందుమని నేడెందఱికి గుర్తు? కూచిగానుండు సన్నని మొన ములికి. ఈ రెండు మాటలకు గల భేదమే ఈ వ్యాసమునకు ఆయువుపట్టు. ములికి చక్కగా ఎగురును, కాని కోయదు. అలుగు కోయును, కాని వంకరగా ఎగురును. వేట బాణపు చరిత్ర యంతయు ఈ రెంటికి సంధి చేయుటకు మనుష్యుడు పడిన పాటు. విల్లు మాఱినప్పుడెల్ల ఆ సంధి చెడిపోయినది. మరల క్రొత్తగా చేసికొనవలసి వచ్చినది.

మన ప్రాచీనులకు ఈ భేదము బాగుగ తెలియును. 1363లో కూర్పబడిన శార్ఙ్గధర పద్ధతి యందును, వసిష్ఠుని పేర నున్న ధనుర్వేదమునందును ఆరాముఖము, క్షురప్రము, గోపుచ్ఛము, అర్ధచంద్రము, సూచీముఖము, భల్లము, వత్సదంతము మొదలుగాగల మొనల పేళ్లును, ఏది దేనికి వాడవలెనో ఆ నిర్ణయమును కనబడును. సూది వంటిది కవచమును తూట్లు పొడుచుటకు, నెలవంక వంటిది తెగగోయుటకు, దూడపంటి వంటిది వింటినారిని త్రెంచుటకు. ఒకే మొన అన్ని పనులకు చాలదన్న సంగతి వారికి సిద్ధాంతము. కల్యాణి చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసము లేళ్ల వేటను రాజవినోదములలో ఒకటిగా విపులముగ వర్ణించినది. హంపీలోని మహర్నవమి దిబ్బ చుట్టును గల శిల్పపంక్తులలో వేటగాండ్రును లేళ్లును ఇప్పటికిని కనబడుదురు. హొసపేట మీదుగ పోవు మనవారు ఆ రాళ్లను ఒకసారి నిదానముగ చూచి రావలెను.

రాజుల సంగతి యట్లుండగా, విల్లు కూడుపెట్టు సాధనమైన జనులు వేఱు. కాళహస్తి సీమ తిన్నడు తమిళులకు పన్నెండవ శతాబ్దపు సేక్కిళారు పెరియపురాణము ద్వారమున కణ్ణప్పరుగాను, మనకు ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యము ద్వారమునను పరిచితుడు. ఒకే బోయ రెండు భాషల వారికి భక్తుడయ్యెను. నల్లమల చెంచులను గూర్చి ఫ్యూరర్ హైమండార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమున వారి వెదురు విల్లు ప్రసక్తి గలదు. గోదావరి కిరువైపులను, ఒడిశాలోని మల్కనగిరి ప్రాంతమునను నివసించు కోయలకు విత్తులు చల్లుటకు ముందు జరుపు పండుగలో వేట ఒక భాగముగ నుండెడిది. ఈ జనులు తమ మొనలను ఎట్లు పరీక్షించిరో ఎవరును వ్రాసి యుంచలేదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన విద్యకు వ్రాత అక్కఱలేదు గదా.

ఇక వేటలో జరిగిన తప్పులను మాత్రము మన ఇతిహాసములు మఱవలేదు. దశరథుడు నీటికుండ నిండు శబ్దమును ఏనుగు శబ్దమని భ్రమించి చీకటిలో బాణము వేసి మునికుమారుని చంపెను. పాండురాజు జంటగా నున్న లేడిని కొట్టి, అది లేడి రూపముననున్న ముని యని పిదప తెలిసికొనెను. జరుడను బోయవాడు పొదచాటున నున్న శ్రీకృష్ణుని పాదమును లేడి యనుకొని వేసెను. మూడింటను బాణము గుఱి తప్పలేదు, తప్పినది విచారణ. మూడు వంశముల కథలు ఆ బాణములతోనే మలుపు తిరిగినవి. వేటకాడు బాణము విడుచుటకు ముందే చేయవలసిన పని యొకటి కలదని ఇంతకంటె గట్టిగ చెప్పిన వాఙ్మయము అరుదని నా అభిప్రాయము.

పరీక్షలు అక్షరబద్ధమైనది అమెరికాలో. దానికి కారణము కలదు. అక్కడ తుపాకి వచ్చి విల్లు మూలబడిన తరువాత, ఇరువదవ శతాబ్దారంభమున కొందఱు దానిని కావలెనని మరల చేపట్టిరి. పరంపర తెగిపోయినది గనుక ప్రతి విషయమును ప్రయోగము చేసి తెలిసికొనవలసి వచ్చినది. ఆ ప్రయోగములకు మూలమైన వ్యక్తి పేరు ఇషీ.

1911 ఆగస్టులో కాలిఫోర్నియా రాష్ట్రమున ఓరోవిల్ అను ఊరి సమీపమున ఆకలితో నకనకలాడుచు ఒక ఆదివాసి పట్టుబడెను. అతడు యాహీ జాతిలో మిగిలిన కడపటివాడు. అతని వారిని తెల్లవారు వేటాడి చంపిరి. మిగిలిన కొద్దిమంది అడవిలో దాగి దాగి ఒక్కొక్కరుగా రాలిపోయిరి. అతని భాషను మాటలాడువారు భూమి మీద మఱి యెవ్వరును లేరు. తన పేరు తాను చెప్పుట వారి ఆచారము కాదు. చెప్పుటకు వేఱొకరు లేరు. అందుచే అతని భాషలో మనుష్యుడు అను నర్థము గల ‘ఇషీ’ అన్న మాటతో పండితులు అతనిని పిలిచిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాల అతనికి నివాసమయ్యెను. ప్రక్కనే యున్న ఆసుపత్రిలో వైద్యుడుగా నున్న సాక్స్‌టన్ పోప్ అతనికి మిత్రుడై, శిష్యుడై విలువిద్య నేర్చుకొనెను. పరాయి భాషల నడుమ తరతరములుగా మన మాట నిలుపుకొనుచున్న కుటుంబములవారము మనము. ఒక భాష ఒక్క మనుష్యుని నోట మాత్రమే మిగులుట ఎట్టిదో మనము ఒక క్షణము ఆలోచింపవచ్చును. ఇషీ వింటిని ‘మన్నీ’ అనియు బాణమును ‘సావా’ అనియు అనెనని పోప్ వ్రాసికొనెను. అతడు వ్రాసికొనినందుననే ఆ రెండు మాటలు మనదాక వచ్చినవి.

ఇషీ విల్లు పొట్టిది, వెన్నున జంతువు నరములు అంటించినది. లాగుటకు సుమారు నలువది పౌన్ల బలము చాలును. అతడు దూరమునుండి వేయువాడు కాడు. వేట ముందునాడు చేపలు తినడు, పొగ త్రాగడు. వేకువను ఏటిలో స్నానము చేసి, సువాసన గల ఆకులు ఒంటికి రాచుకొని, ఏమియు తినక బయలుదేరును. లేడి తలను తలపై నుంచుకొని పొదల వెనుక నుండి మెల్లగా ఆడించుచు లేళ్లను తనకడకే రప్పించుకొనును. మొనలను నల్లని అగ్నిపర్వతశిలతోను, అది దొరకనప్పుడు సీసాగాజుతోను చెక్కుకొనును. నాగరకులు ఇట్టి గాజుమొనలను చూచి నవ్వుకొనుట సహజము. పోప్ నవ్వలేదు, పరీక్షించెను.

ఆ పరీక్ష వేట బాణపు చరిత్రలో చదువదగినది. రెండు ప్రక్కలకు పచ్చి లేడితోలు బిగించిన ఒక పెట్టె చేసి, దానిని గొడ్డు కాలేయముతో నింపెను. ఎముకలు లేని శరీరమునకు అది నమూనా. పది గజముల దూరమునుండి బలము తక్కువ గల వింటితో రెండు విధముల బాణములు వేసెను. రెండును ఇషీ చేసినవే. పొడవునను బరువునను ఈకలలోను సమానములు. ఒకదానికి రాతిమొన, రెండవదానికి ఉక్కుమొన. ఎన్నిమార్లు వేసినను ఉక్కుమొన 22 అంగుళముల లోతునకే పోయినది. రాతిమొన 30 అంగుళములు పోయినది. చెక్కిన రాతి అంచున గల సన్నని పలువరుస, ఱొట్టెలు కోయు ఱంపపుకత్తి వలె తోలును మాంసమును సులువుగ తెంచుచున్నదని అతడు గ్రహించెను. అదే పోప్ వేఱొకప్పుడు ఇనుపకడియముల కవచమును పెట్టెకు తొడిగి, సన్నని ఉక్కుములికి గల బాణమును వేయగా అది కడియములను త్రెంచుకొని పెట్టెలోనికి దూసికొనిపోయినది. ములికి కవచమునకు, అలుగు మాంసమునకు అన్న శార్ఙ్గధరుని నాటి విభజనమును తెలియకయే అతడు పెట్టెల మీద నిరూపించెను. అతని ప్రయోగఫలితములు 1923లో వెలువడినవి. ఇషీ మాత్రము 1916 మార్చిలో క్షయవ్యాధితో మరణించెను. పోప్‌ను, అతని వేటసహచరుడు ఆర్థర్ యంగ్‌ను ఆదర్శముగా గొని 1961లో అక్కడి విలుకాండ్రు ఒక సంఘమును స్థాపించి దానికి వారిరువురి పేళ్లు పెట్టిరి.

పోప్ తరువాత భౌతికశాస్త్రజ్ఞులు రంగమున ప్రవేశించిరి. క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ అను వారు ఒక చిత్రమైన విషయమును విశదీకరించిరి. బాణము వింటికఱ్ఱకు ఒక ప్రక్కగా నుండును గదా. నారి దానిని నేరుగ కఱ్ఱ మధ్యకే త్రోయును. అట్లయినప్పుడు బాణము ప్రక్కకు పోక గుఱికే ఏల పోవుచున్నది? అతివేగముగ తీసిన ఛాయాచిత్రములు సమాధానమిచ్చినవి. నారి త్రోపునకు బాణపుకాడ విల్లువలె వంగి, కఱ్ఱను చుట్టి, మరల ఎదురు ప్రక్కకు వంగి, అట్లు చేపవలె ఆడుచు ముందునకు పోవును. కాడ మఱీ బిఱుసైనను మఱీ మెత్తనైనను ఆ ఆట తప్పి బాణము ప్రక్కకు మళ్లును. అందుచే వింటి బలమునకు తగిన బిఱుసుతనము గల కాడనే ఎన్నుకొనవలెను. మొన బరువు పెరిగినచో కాడ మఱింత వంగును. కనుక మొన మార్చినవాడు కాడను గూర్చియు ఆలోచింపవలెను. విల్లు, కాడ, మొన వేఱువేఱు వస్తువులు కావు, ఒకే యంత్రమునకు అంగములు. నేటివారు వింటి అమరిక యని చెప్పునదంతయు ఈ సూత్రము మీద ఆధారపడినదే.

ఇంతలో ప్రభుత్వములు కూడ కదలినవి. 1934లో విస్కాన్‌సిన్ రాష్ట్రము రెండు జిల్లాలలో విలుకాండ్రకు మాత్రమే ప్రత్యేకించి దుప్పుల వేటకాలము నేర్పరచినది. ఇతర రాష్ట్రములు క్రమముగ అనుసరించినవి. వేట అనుమతింపగానే ఒక ప్రశ్న పుట్టినది: బాణముతో దుప్పి వెంటనే చచ్చునా, లేక గాయపడి అడవిలో కుమిలి చచ్చునా? తుపాకిగుండు దెబ్బ అదురుతో చంపును. బాణమునకు అట్టి అదురు లేదు. అది నెత్తుటి నాళములను, ఊపిరితిత్తులను కోసి చంపును. కోత వెడల్పుగను, అంచు మంగలికత్తివలెను ఉండవలెను. అందుచేతనే పెక్కు రాష్ట్రముల చట్టములు అలుగు వెడల్పునకు కనీసపు కొలత నిర్ణయించినవి. 1956లో ఫ్రెడ్ బేర్ అను తయారీదారు, ప్రధానమైన రెండు అంచులకు అడ్డముగ మార్చుకొనదగిన క్షురపుబిళ్లను దూర్చు అలుగును అంగడికి తెచ్చెను. కఱ్ఱవింటి కాలమున బాణపు వేగము సెకనుకు సుమారు 50 మీటర్లు. ఆ వేగమున వెడల్పు అలుగు సరిగానే ఎగిరెడిది. సంధి కుదిరినట్లే కనబడినది.

ఆ సంధిని చెఱచినవాడు మిస్సోరి రాష్ట్రపు హోలెస్ విల్బర్ ఆలెన్. దుప్పి చెవి చాల చుఱుకైనది. ఇరువది యైదు మీటర్ల దూరమునుండి విడిచిన వింటినారి చప్పుడు సెకనులో సుమారు పదునాల్గవ వంతు కాలములో దానికి చేరును. బాణము అంతకు ఎంతో వెనుక వచ్చును. ఆ నడిమి కాలమున దుప్పి ఉఱుకుటకై కాళ్లు ముడిచి క్రిందికి కుంగును, బాణము వీపు మీదుగ పోవును. దశరథుడు శబ్దము విని మృగమును కొట్టబోయెను. ఇక్కడ మృగమే శబ్దము విని బాణమును తప్పించుకొనుచున్నది. దీనికి విఱుగుడు వేగము. ఆలెన్ వింటి కొనలకు కేంద్రము ప్రక్కకు తొలగించిన కప్పీలను అమర్చి, వాటిపై తీగలను త్రిప్పెను. నడుమ వఱకు లాగుటకు బరువుగానుండి, పూర్తిగ లాగిన పిదప ఆ బరువు చాలవఱకు తగ్గిపోవుట ఈ వింటి విశేషము. నేటి వాటిలో అఱువది పౌన్ల వింటిని లాగి పట్టుకొనుటకు పండ్రెండు పౌన్ల బలము చాలును. విలుకాడు చేయి వణకక నిదానముగ గుఱి చూడగలడు. ఆలెన్ 1966లో దరఖాస్తు పెట్టగా 1969లో ఆతనికి పేటెంటు లభించినది. కాంపౌండ్ విల్లని దీనికి పేరు. వేగము క్రమముగ పెరిగి సెకనుకు 85, 90 మీటర్లకు చేరినది.

వేగముతో పాటు పాత తగవు మరల మొలకెత్తినది. అలుగు రెక్కలు గాలిలో గాలిపటపు తలమువలె పనిచేయును. వెనుకనున్న ఈకలు బాణమును ఒక దారిన నడుపజూచును. ముందున్న రెక్కలు తామే దారి చూపజూచును. వింటి అమరికలో వెంట్రుకవాసి దోషమున్నను, హెచ్చు వేగమున ముందు రెక్కలదే పైచేయి అగును. ములికితో ముప్పది మీటర్ల దూరమున నాణెము మీద కొట్టగల నేర్పరి, అదే వింటితో అలుగు తొడిగి వేయగా జానెడు దూరమున కొట్టుట సామాన్యమైనది.

దీనికి రెండు మార్గములు తోచినవి. ఒకటి, వింటినే దోషరహితముగ అమర్చుకొనుట. రెండవది, ఎగురునంతసేపు రెక్కలను ముడిచియుంచి, తగిలినప్పుడు మాత్రము విచ్చుకొను అలుగును తయారుచేయుట. దీనినే మెకానికల్ బ్రాడ్‌హెడ్ అందురు. మనము విచ్చు అలుగు అనుకొనవచ్చును. ఇట్టి ఆలోచన చాల పాతదే గాని 1990ల నుండి విరివిగా వాడుకకు వచ్చినది. కొన్నింటిలో రెక్కల కొనలు ముందునకు ముడుచుకొనియుండి, తోలు తగులగానే వెనుకకు తిరుగబడును. మఱికొన్నింటిలో రెక్కలు కాడ వెంబడి వెనుకకు జారుచు ప్రక్కలకు విచ్చుకొనును. రబ్బరు ఉంగరమో పలుచని పట్టీయో వాటిని ఎగురునప్పుడు మూసియుంచును. బిగింపు అలుగు కోత సుమారు ఒక అంగుళము. విచ్చు అలుగు కోత ఒకటిన్నర, రెండు అంగుళములు. ఎగురునప్పుడు ములికి, తగిలినప్పుడు అలుగు. కోరిన సంధి ఇదేనని చాలమంది సంతోషించిరి.

కాని ఇనుమునకు ఏదియు ఊరక రాదు. రెక్కలు విచ్చుటకు కొంత శక్తి ఖర్చగును. వెడల్పు కోతకు మఱికొంత. 26 గ్రాముల బాణము సెకనుకు 85 మీటర్ల వేగమున పోవునప్పుడు దాని శక్తి సుమారు 94 జౌళ్లు. 39 గ్రాముల బాణము 71 మీటర్ల వేగమున పోవునప్పుడు సుమారు 98 జౌళ్లు. శక్తిలో భేదము స్వల్పము. కాని ద్రవ్యవేగమును లెక్కించినచో రెండవదానికి నాల్గవ వంతు అధికము. ఎముక అడ్డుపడినప్పుడు ముందునకు పోవునది ఎక్కువగ ద్రవ్యవేగము గలదే. దక్షిణాఫ్రికాలో 1980లలో ఎడ్ ఆష్‌బీ పెద్ద మృగముల మీద చేసిన పరీక్షలలో బరువైన బాణము, గట్టి బిగింపు అలుగు మేలని తేల్చెను. ఏటవాలుగ తగిలినప్పుడు విచ్చు అలుగు ఒక రెక్క ముందు విచ్చుకొని బాణమును ప్రక్కకు త్రిప్పవచ్చునన్న ఆక్షేపణయు కలదు. తక్కువ బలము గల వింటితో వేయువారు బిగింపు అలుగునే వాడుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు. నాకు అది సమంజసముగ తోచుచున్నది.

ఇక పరీక్షల తీరు. నేటి విలుకాడు మొదట ఒక చట్రమునకు కాగితము బిగించి, రెండు మూడు మీటర్ల దూరమునుండి దాని గుండ బాణము వేయును. ఒకే రంధ్రమై, చుట్టును ఈకల గీట్లు మాత్రము పడినచో బాణము నిటారుగ పోయినదని అర్థము. కాగితము పైకి చినిగినచో తోక పైకెత్తి పోవుచున్నది. ప్రక్కకు చినిగినచో తోక ఆ ప్రక్కకు వాలుచున్నది. అప్పుడు నారిపై బాణపు గాడి నిలుచు చోటునో, బాణము ఆనుకొను పీటనో అరమిల్లీమీటరు చొప్పున జరుపును. తరువాత ఈకలు లేని బాణమును ఈకలున్న వాటితో కలిపి వేసి చూచును. ఈకలు తప్పును దిద్దును గనుక, అవి లేని బాణము వింటి దోషమును దాచలేదు. పిదప ములికి గల బాణములను, అలుగు గల వాటిని ఒకే గుఱికి ఇరువది, ముప్పది, నలువది మీటర్లనుండి వేయును. రెండు గుంపులును ఒకచోట పడువఱకు పీటను జరుపుచునే యుండును. కొందఱు విచ్చు అలుగుకు ఈ శ్రమ యేల అందురు. అది పొరపాటు. వంకరగ ఎగిరిన బాణము గుఱికి తగిలినను, తన బలమంతయు ముందునకు పెట్టలేదు. ప్రక్కకు ఊగుటలోనే కొంత పోగొట్టుకొనును. విచ్చు అలుగు వింటి దోషమును కంటికి కనబడకుండ చేయునే గాని తీసివేయదు.

అలుగును కూడ విడిగ పరీక్షింతురు. కాడను వ్రేళ్ల మీద గిఱ్ఱున త్రిప్పి మొన ఊగుచున్నదేమో చూతురు. సాగదీసిన రబ్బరు మీద అంచును ఆనించి, బలము పెట్టకయే తెగినదా లేదా యని పదును చూతురు. తోలు, పలుచని చెక్క, జెలాటిన్ దిమ్మ వరుసగ పేర్చి, ఒకే అలుగును పలుమాఱులు వేసి, ఎంత లోతు పోయినది, రెక్క వంగినదా, ఉంగరము తెగినదా యని గమనింతురు. జెలాటిన్ దుప్పి కాదన్నది నిజమే. పోప్ పెట్టెలోను ఎముకలు లేవు. ఆ మాట అతడే చెప్పెను. ఇట్టి పరీక్ష ఒక అలుగునకు మఱియొక అలుగునకు గల తారతమ్యమును చెప్పగలదు; అడవిలో జరుగబోవునది చెప్పలేదు.

అడవిలో జరిగినదానిని లెక్కపెట్టినవారు కూడ కలరు. మేరీలాండ్ రాష్ట్రమున ఒక నౌకాదళ స్థావరములో చాల ఏండ్లపాటు విలుకాండ్ర వేటను నియమబద్ధముగ నడిపి, ప్రతి దెబ్బను నమోదు చేసిరి. అక్కడ వేటాడుటకు ముందు శిక్షణ పొంది, గుఱి పరీక్షలో నెగ్గవలెను. 2008లో ప్రకటితమైన లెక్క ప్రకారము బాణము తగిలిన 908 దుప్పులలో సుమారు 18 శాతము వేటకాండ్రకు దొరకలేదు. దొరకనివన్నియు చచ్చినవని కాదు. స్వల్పగాయముతో బ్రతికినవియు వాటిలో నుండును. ఆ స్థావరపు తరువాతి లెక్కలలో బిగింపు అలుగు తగిలినవాటిలో సుమారు 82 శాతము, విచ్చు అలుగు తగిలినవాటిలో సుమారు 91 శాతము దొరకినవి. విచ్చు అలుగు పక్షమువారు దీనిని తమ విజయముగ చాటుకొనిరి. అయితే విచ్చు అలుగు దెబ్బల సంఖ్య చాల తక్కువ. అవి వాడుకకు వచ్చినదియు వెనుకటి కాలముననే. వెడల్పు కోత నెత్తుటి జాడను స్పష్టము చేయునన్నంతవఱకు ఒప్పుకొనవచ్చును. నన్ను ఎక్కువగ కలతపెట్టునది మొదటి అంకెయే. పరీక్షలో నెగ్గిన విలుకాండ్రు, దోషములు దిద్దిన విండ్లు, పదునైన అలుగులు. అయినను నూటికి పదునెనిమిది. పరీక్ష లేకయే అడవిలోనికి పోవువారి లెక్క యెట్లుండునో ఊహించుటకే కష్టము. అమెరికాలో విల్లువేటను వ్యతిరేకించువారును, సమర్థించువారును వాదించుకొనునది ఈ అంకె చుట్టునే. ఇషీ పది పదునైదు గజముల దగ్గఱకు ప్రాకిపోయి వేసెడివాడు. నేటి వేగపు విల్లు చేతబట్టినవాడు నలువది, ఏబది మీటర్లకు ఆశపడుచున్నాడు. విల్లు ఇచ్చిన మేలును దూరము హరించుచున్నది.

దుప్పి కొఱకు పుట్టిన ఆలెన్ విల్లు మన దేశమునకు వేఱు రూపమున వచ్చినది. ఇక్కడ దానికి అలుగుతో పని లేదు; ములికి మాత్రమే, గుఱి కాగితపు వలయము మాత్రమే. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కాంపౌండ్ వింటితో మూడు స్వర్ణపతకములు గెలిచినది. వాటిలో ఒకటి మహారాష్ట్రకు చెందిన ఓజస్ దేవతళేతో జంటగా గెలిచినది. నాగపురమునను పుణెలోను స్థిరపడిన మన కుటుంబములు ఆనాడు రెండు విధముల సంతోషించియుండును. ఆమెయు పోటీకి ముందు కాగితము గుండ బాణము వేసి, నారిపై గాడిని సరిచూచుకొను విద్యలో ఆఱితేరినదే. ఆ విద్య లేక ఆ వింటితో ఎవ్వరును నిలువలేరు. ఒలింపిక్ క్రీడలలో కాంపౌండ్ వింటికి ఇంతవఱకు చోటు లేదు. 2028లో లాస్ ఏంజెలెస్ నగరమున జరుగు క్రీడలలో స్త్రీపురుషుల జంటపోటీగా దానిని మొదటిసారి చేర్చుటకు 2025లో నిర్ణయము జరిగినది. ఆ నగరము ఇషీ బయటపడిన కాలిఫోర్నియాలోనిదే.